రెండో పొర కింద నీలం

“అంట్లు తోమడం లాంటిదే కదా, నీకు అలవాటేగా” అన్నాడు మా ఆయన, పెళ్లైన కొత్తలో, పెచ్చులు లేచిన ప్లాస్టిక్ కిరీటాల బుట్ట తెచ్చి నా ముందు పెట్టి. పదకొండేళ్లయింది. ఆయన నాటకాల వాళ్లకు కిరీటాలు, కవచాలు చేస్తాడు. ఒక నాటకం అయిపోయి ఇంకోటి మొదలైతే అవే తిరిగొస్తాయి. పాత రంగు తీసి కొత్తది వేయాలి. తీసేది నేను, వేసేది ఆయన. పేరెవరికో వేరే చెప్పాలా?

అంట్లు ఎలా తోమినా అంట్లే. ప్లాస్టిక్ అలా కాదు, దానికి ముక్కు మీదే కోపం. థిన్నర్ తగిలితే జిగురైపోతుంది, బ్లేడు పెడితే ఆ గీత కొత్త రంగులోంచి కూడా కనబడుతుంది. ముందు లోపలివైపు ఓ మూల స్పిరిట్ అద్ది చూడాలి. ప్లాస్టిక్ మెత్తబడకపోతే మూత ఉన్న టబ్బులో స్పిరిట్ పోసి అరగంట నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో నెమ్మదిగా రుద్ది, సందుల్లో అగ్గిపుల్లతో గీకి, సబ్బునీళ్లతో కడగాలి. ఇది నాకెవరూ నేర్పలేదు. ఆయనే ఒకసారి తొందరలో ఆరు కిరీటాలు థిన్నర్‌లో ముంచి జావ చేసి, “మా ఆవిడ చేసిందండీ, ఎంత చెప్పినా అంతే” అని ఫోన్లో చెప్తుంటే, నేను పక్కనే టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. మా అత్తయ్యకు నా చేతుల్లో స్పిరిట్ వాసన వడ్డించేటప్పుడే వస్తుంది, కాళ్లు పట్టేటప్పుడు రాదు.

ఒక్కసారే రంగు వేశాను, ఎనిమిదేళ్ల కిందట. ఆయనకు జ్వరమొచ్చి రాణి వేషానికి కావలసిన కవచం ఒకటి మిగిలిపోయింది. నల్లపూత మీద ముదురు నీలం వేసి, గుడ్డతో అక్కడక్కడ తుడిచి, పొలుసుల అంచులకు రాగిరంగు అద్దాను. ఆయన బ్రష్షులు ఎవరినీ ముట్టనివ్వడు, అందుకే చూపుడువేలితో అద్దాను. రెండు మధ్యాహ్నాలు ఒళ్లు మరిచిపోయాను. తీసుకెళ్లి ఇచ్చి వచ్చి చెప్పాడు: “నవ్వారే. పిల్లల ఆటబొమ్మలా ఉందన్నారు. దార్లోనే పారేశాను. నీ చెయ్యి తీయడానికి మంచిది, వేయడానికి కాదు.” తల కూడా నిమిరాడు. పిచ్చిదాన్ని, అది ప్రేమనుకున్నాను. అప్పట్నుంచీ మా పాప బొమ్మకు రంగు వేయమని వస్తే కూడా “నాన్ననడుగు, నాకు రాదు” అనే అంటున్నాను.

నిన్న బుట్ట అడుగున, ఇన్నేళ్లలో నా చేతికి రాని కవచం ఒకటి కనబడితే నానబెట్టాను. బంగారు పూత పోయింది, కింద వెండి. అదీ పోయింది, కింద నీలం. అంచుల్లో రాగిరంగు, ఒక్కో పొలుసు మీదా ఒక్కో వేలిముద్ర. ఎవరి చేతిరాత వాళ్లు గుర్తుపట్టరా? 

పారేయకుండా మీద రంగు పూసేశాడు కాబోలు, పిసినారి మనిషి, అనుకున్నాను ముందు. తిప్పి చూశాను. పట్టీలు రాసుకునే చోట నీలం అరిగి ప్లాస్టిక్ తేలింది. తేలినచోట మళ్లీ బ్రష్షుతో నీలం అతుకు. ఆ అతుకూ అరిగింది, దాని మీద ఇంకో అతుకు. వేసుకుని ఆడితేనే అలా అరుగుతుంది. ఇన్నేళ్లుగా ఈ అరుగుడే కదా నా చదువు.

నాటకాల వాళ్ల దగ్గర దుస్తులు చూసుకునే పెద్దావిడకు ఫోన్ చేశాను. “ఆ నీలం కవచమా? మూడేళ్లు వేసుకుందమ్మా మా రాణి. అలాంటివి ఇంకో పది కావాలని మీ ఆయన్ని బతిమాలాం. ఆ రంగు ఇప్పుడు దొరకట్లేదన్నారు” అందావిడ. ఫోన్ పెట్టేశాను. రంగు దొరకలేదట. నేను పక్క గదిలోనే ఉన్నాను కదా.

ఆయన వచ్చి, ఎల్లుండికి ఇవ్వాలి ఇంకా తీయలేదా అని విసుక్కున్నాడు. కవచం ఆయన ముందు పెట్టాను. చూశాడు. బుకాయిస్తాడేమో అనుకున్నాను, బుకాయించినా బాగుండేది.

“అప్పుడే చెప్పుంటే నువ్వు ఇక్కడ కూర్చుని రంగు తీసేదానివా?” అన్నాడు, చాలా మామూలుగా.

కొట్టినా ఇంత మండేది కాదు. నాకు రాదని ఆయన నమ్మి ఉంటే క్షమించేదాన్నేమో. వచ్చని తెలిసి, రాదని నన్ను నమ్మించాడు. నేను కన్నబిడ్డకు కూడా అదే చెప్పాను. అప్పుడు నా పేరెందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. వాకిట్లోంచి అత్తయ్య, మొగుడి పేరైతేనేం పెళ్లాం పేరైతేనేం, ఇల్లొకటే కదా అంది. ఇల్లొకటేనట! పెళ్లాం పేరు కిరీటాలు కరిగినప్పుడే వచ్చింది.

ఆయన ఎదురుగానే పెద్దావిడకు మళ్లీ ఫోన్ చేశాను. “అమ్మా, ఆ నీలం వేసింది నేను. మీకు కావలసిన పదీ నేనే వేసిస్తాను. వేసినవాళ్ల పేరు అడిగితే నాది చెప్పండి.”  “అయితే రేపు వచ్చి మా దగ్గరున్న పాత కవచాలు తీసుకెళ్తావా?” అందావిడ. వస్తానన్నాను.

 ఫోన్ పెట్టగానే ఆయన, నిజంగానే అర్థంకానివాడిలా, “మరి పాత రంగు ఎవరు తీస్తారు?” అని అడిగాడు.

“నావి నేను తీసుకుంటాను” అన్నాను.