నీలం కలిసిన సున్నం

పోకోయినా తన సమాధికి తానే సున్నం వేసుకుంటున్నాడని పక్కింటి టెకూరా ఊరంతా చెప్పి వచ్చిందట. ముందు కొట్టు దగ్గర రొట్టె కొంటూ పాస్టరు గారి భార్య చెవిన వేసింది. ఆవిడ "ఊరుకోవే, ప్రభువుని నమ్ముకున్నవాళ్ళం, అవేం మాటలు" అని కసురుతూనే రొట్టె సంచీ కింద పెట్టి ఆసాంతం విన్నదట. అక్కణ్ణించి ఆ మాట చేమలాంటి టారో దుంపల మడుల్లోకి దిగింది. మోకాటిలోతు బురదలో ఉన్న ఆడవాళ్ళ నోళ్ళలో నానీ నానీ, సాయంత్రం అకాయితీ చెవిలో పడేసరికి పోకోయినాకి తెల్లచొక్కా, చేతిలో కుంచె కూడా వచ్చి చేరాయి.

అకాయితీ నవ్వి ఊరుకునేదే. కానీ పోకోయినా ఆమె మొగుడు. గుండెజబ్బుతో పోయి నాలుగేళ్ళవుతోంది. సమాధి వాకిట్లో, గుమ్మానికి ఎదురుగానే ఉంది. దానికి సున్నం పడ్డమాట నిజం. వేసింది తను కాదు.

ఈ దీవికి క్రీస్తు మాట మొదట చేరిన రోజుకి చేసే సువార్త పండగ వస్తోందంటే వాకిళ్ళలోని సమాధులన్నిటికీ పగడపు సున్నం పడాల్సిందే. అయితే ఎవరి చెయ్యి పడాలన్నదానికి ఒక పద్ధతుంది. మొగుడి సమాధికి పెళ్ళాం కుంచె తప్ప ఇంకోటి తగలకూడదు. ఆమె మరో ఇంటికి వెళ్ళేట్టయితే, చనిపోయినవాడి రక్తం పంచుకున్నవాళ్ళెవరో కుంచె అందుకోవాలి. ఆమెకి అదే సెలవు. పొమ్మని ఒకరనరు, పోతానని ఒకరనరు. కుంచె చెయ్యి మారుతుంది, అంతే.

అందుకోవడానికి ఎవరున్నారు గనక? పోకోయినా తమ్ముళ్ళిద్దరూ ఆక్లాండులో స్థిరపడిపోయారు. పిల్లలు లేరు. మిగిలింది వాళ్ళ అమ్మ, అకాయితీకి అత్త, నూరోవా ఒక్కతే. ఆవిడకి మోకాళ్ళు బిగిసిపోయి, వరండా మెట్టు దిగి ఏడాది దాటింది. ఆదివారం నాడు మాత్రం నలుగురు మగవాళ్ళు కుర్చీతో సహా ఎత్తి బండిలో పెడితే చర్చికి వస్తుంది. మిగతా ప్రార్థనలన్నీ ఆ వరండాలోనే.

అందుకే ఈ ఏడు అకాయితీ సున్నం కలిపి, బక్కెట్టు వరండా పక్కన మూతపెట్టి, కుంచె దానిమీద పెట్టి, అక్కడితో ఆగిపోయింది. వేస్తే ఈ ఇంట్లోనే ఉండిపోయినట్టు. వెయ్యకపోతే మొగుణ్ణి వాకిట్లో వదిలేసినట్టు. అవతల అరేటా ఊరి తూతాయి పెళ్ళి మాట అడిగి ఉన్నాడు. శనివారం సాయంత్రంలోగా ఏ సంగతో చెబితే ఆదివారం నాడు చర్చిలో పేర్లు చదువుతానని పాస్టరు గారు కబురు చేశారు. అవునన్నా కాదన్నా ఆమెని ఎవరూ ఏమీ అనరు. అదే వచ్చిన చిక్కు. తనే అనుకోవాలి.

ఒక మంగళవారం సాయంత్రం మోకరించి అడిగేసింది. "ప్రభువా, ఉండమంటావా, వెళ్ళమంటావా? నాకు తెలివి తక్కువ. కంటికి కనపడేలా చెప్పు." తెల్లారితే బుధవారం. వేకువ ప్రార్థనకి వెళ్ళి వచ్చేసరికి సమాధి ఒక వైపు తెల్లగా ఉంది. మళ్ళీ బుధవారానికి రెండో వైపూ తెల్లబడింది. 'నువ్వు తాత్సారం చేస్తున్నావు గనక నా పని నేనే చేయించుకుంటున్నాను, ఎక్కడికీ పోకు' అని పోకోయినా చేత ప్రభువు చెప్పిస్తున్నాడనుకుంది అకాయితీ. ఇంకేం అర్థం ఉంటుంది?

"అత్తా, పొద్దున్న వాకిట్లోకి ఎవరైనా వచ్చారా?" అని ఆ రోజే అడిగింది.

"కోళ్ళొచ్చాయి."

"మనుషులు అత్తా."

"నాకు కంచంలో దుంపముక్కే కనపడదు, వాకిట్లో మనిషేం కనపడతాడే! ఆ టెకూరానడుగు. దానికి గోడవతలున్నవి కూడా కనపడతాయి."

టెకూరా అప్పటికే మెట్టు మీద కూర్చునుంది. "నవ్వులాట కాదు పెద్దమ్మా. నీ కొడుకే. బతికున్నప్పుడు కంచె కట్టరా అంటే ఏడాది పట్టేది. పోయాక చురుకొచ్చింది."

నూరోవా బోసినోటితో పకపకా నవ్వింది. నవ్వి, వరండా దూలానికి వేలాడుతున్న అరటిగెల వైపు చూపించి, "అదక్కడుంటే ఎలకలు తినేస్తాయి, ఎక్కడన్నా మాగెయ్యవే" అంది. ఈ మధ్య ఆవిడకి అరటిగెల తప్ప మరో లోకం లేదు.

దీవి మీద ఊళ్ళు రెండే. అకాయితీవాళ్ళ వాయిమోకో, అవతల అరేటా. చర్చి ఒక్కటే. తాతల కాలంలో గోడలకి ఏ రంగు వెయ్యాలో తేలక కొట్టుకున్నంత పని చేసి, చివరికి చర్చిని నట్టనడుమ గీతగీసి పంచుకున్నారు. ఇటు సగం వాయిమోకోది, పాలలాంటి తెలుపు. అటు సగం అరేటాది. వాళ్ళు సున్నంలో చాకలి నీలిమందు కలుపుతారు. ఆ సోకు చూసి వాయిమోకోవాళ్ళు ఇప్పటికీ మూతి తిప్పుతారు. పాస్టరు గారు ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ వేసి వాక్యం చెబుతారు. గీత దాటి అవతల బల్లల మీద కూర్చోవడం ఒక్క పెళ్ళికూతురికే చెల్లుతుంది.

పాట మాత్రం పంచుకోలేదు. ఇటువాళ్ళు ఎత్తుకుంటే అటువాళ్ళు అందుకోవాలి. వాయిమోకో వైపు ఎత్తుగడ గొంతు అకాయితీది. అరేటా వైపు అడుగున గుమ్మని మోగే గొంతు తూతాయిది. పోకోయినా పోయాక అకాయితీ పాట మానేసింది. చర్చికి వచ్చేది, పెదవులు బిగించి కూర్చునేది. ఇటు పక్క వేరే ఆమె ఎత్తుకునేది. ఆమె ఎత్తుకున్న ప్రతిసారీ తూతాయి చెయ్యి కొంచెం పైకి లేపి, అందుకోబోయే తనవాళ్ళని ఒక్క ఊపిరిసేపు ఆపేవాడు. అకాయితీ గొంతు వస్తుందేమోనని. రాదు. అప్పుడు చెయ్యి దించేవాడు. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు గానీ, ఆ ఊపిరిసేపు రెండు ఊళ్ళూ కలిసి ఆగేవి. అట్లా ఏళ్ళు గడిచాక, ఓ ఆదివారం ఆ సందులో అకాయితీ పాడేసింది. పెళ్ళి మాట ఆ తరవాత వచ్చింది.

శనివారం పొద్దున్నే లేచి అకాయితీ సమాధి దగ్గరకి వెళ్ళింది. వాన వెలిసింది. తడిసిన సున్నం మీద ఎండ పడితే సన్నగా నీలం తేలింది. వేలితో గీకి చూసింది. సందేహం లేదు, నీలిమందే. తలాపిన ఉన్న సిలువ మాత్రం పాచిపట్టి నల్లగా అలాగే ఉంది.

ఆమెకి ముందు ఊపిరాడింది, తరవాత కోపమొచ్చింది. దయ్యమూ కాదు, గుర్తూ కాదు. అరేటా చెయ్యి. అంటే ఇంకెవరు?

తూతాయి మడిలో ఉన్నాడు. తొడలదాకా బురద. గట్టు మీంచే అడిగింది.

"ఏమయ్యా, నా మొగుడి సమాధితో నీకేం పని?"

అతను నడుం ఎత్తి చూశాడు. "ఏం పని?"

"సున్నం. నీలిమందు కలిపిన సున్నం. మా ఊళ్ళో ఎవరు కలుపుతారు? చర్చి గోడ మబ్బులా కనపడాలని నీలం పోసుకునేది మీరే కదా?"

"మబ్బు కాదు. పరలోకం."

"పరాచికాలు కట్టిపెట్టు. రక్తసంబంధం లేనివాడు కుంచె పట్టుకుంటే దాన్నేమంటారో తెలుసా? నాకు సెలవు నువ్వే ఇచ్చుకున్నట్టు. దొంగతనం అంటారు. ఇట్లాంటివాడి వెనక రమ్మంటావా నన్ను?"

తూతాయి మొహంలో నవ్వు పోయింది. చేతిలోని దుంపని గట్టు మీద పెట్టాడు. "బుధవారం వేకువ ప్రార్థనలో నేనెక్కడున్నాను?"

ఎక్కడున్నాడో ఆమెకి తెలుసు. గీతకి అవతల, మూడో బల్ల చివర. రెండు బుధవారాలూ అక్కడే. చూసింది కదా. చూడాల్సినదానికంటే ఎక్కువే చూసింది.

"ఎవరినన్నా పంపావేమో."

"పంపితే పైదాకా వేయించనా? నిన్న బండి మీద పోతూ నేనూ చూశాను. కింద తెలుపు, పైన పాచి. పోకోయినా, నేను ఒకే పడవలో వేటకి పోయినవాళ్ళం. వాడికి సగం చొక్కా తొడిగి పోతానా?" మళ్ళీ బురదలోకి వంగి, ఆమె వైపు చూడకుండా అన్నాడు: "రానంటే రానని చెప్పు, అకాయితీ. పాటలో నేను ఆగుతూనే ఉంటాను. దానికి నీ అనుమతి అక్కర్లేదు."

అకాయితీ వెనక్కి తిరిగింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నిందవేసి పోతున్నందుకు కొంత, నింద వేసినా అతను గొంతు పెంచనందుకు మరికొంత. దారి పొడుగునా ఆ సగం చొక్కా మాటే బుర్రలో తిరిగింది. నిలబడ్డ మనిషి అంత కిందే ఎందుకు ఆపుతాడు? మోకరించినా చెయ్యి సిలువకి అందుతుంది. అందనిది...

వాకిట్లోకి వచ్చి ఆగింది. మెట్టు నించి సమాధి దాకా ఇసుకలో వెడల్పుగా ఈడ్చిన జాడ ఉంది, వానకి సగం చెరిగింది. పంది తాడు ఈడ్చుకుపోయిందనుకుని రెండు వారాలుగా దాటుకుంటూ తిరుగుతోంది. వరండాలో చాకలి సబ్బుడబ్బా పక్కన నీలిమందు పొట్లం ఉండేది. ఇప్పుడు డబ్బానే ఉంది.

నూరోవా కుర్చీలో కూర్చుని వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది. టెకూరా మెట్టు మీద సీమపనస తొక్కు తీస్తోంది. అకాయితీ అత్త కాళ్ళ దగ్గర కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది. సున్నం తిని వేళ్ళు పగిలాయి. బొటనవేలి మడతలో నీలం.

"అత్తా," అంది. "నువ్వు అరేటా పిల్లవి కదూ."

"ఇప్పుడు గుర్తొచ్చిందా? గీత దాటి మీ మామని చేసుకున్నప్పుడు మీ ఊరి ఆడాళ్ళు ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. తరవాత మరిచిపోయారు. చెయ్యి మరిచిపోద్దా? సున్నమంటే మా అమ్మ నీలం వేసేది, నేనూ వేశాను. ఉత్త తెలుపు నా కంటికి ఆనదు."

టెకూరా చేతిలో కత్తి ఆగింది. "పెద్దమ్మా! నువ్వా? మెట్టెలా దిగావు?"

"దిగలేదు, జారాను. పిర్రల మీద. రెండు కాళ్ళూ ఉండి ఊరంతా తిరిగి నా కొడుకుని దయ్యం చేసినదానికంటే నయం."

టెకూరా సీమపనసలోకి తలదించుకుంది.

"నాతో చెప్పొచ్చు కదా అత్తా," అంది అకాయితీ. "నేనేమో ఉండిపొమ్మని గుర్తనుకున్నాను. ప్రభువునడిగాను."

"ఆయన్ని నువ్వొక్కదానివే అడుగుతావా? నేనూ అడిగాను. నా కోడలు ఈ ముసలి మొహం చూసి ఆగిపోయింది, ఆ సమాధికి సున్నం వేసేంత సత్తువ నా చేతులకివ్వు తండ్రీ అని. చేతులకిచ్చాడు. కాళ్ళకి అడగడం నేనే మరిచిపోయాను." ఆవిడ చెయ్యి విడిపించుకుని మళ్ళీ నూనె రాసుకోసాగింది. "కుంచె మారేటప్పుడు నోరు విప్పకూడదే. మా అత్త నేర్పింది. నువ్వు తెలివైనదానివి, చూసి తెలుసుకుంటావనుకున్నా. రెండు వారాల్నించి నా ముందే ఆ ఈడ్చిన జాడని దాటుకుంటూ, పోకోయినా ఆపుతున్నాడని మొహం వేలాడేసుకుని తిరుగుతావు! వాడెందుకు ఆపుతాడు? ప్రభువు దగ్గర సుఖంగా ఉన్నాడు. నేనా సిలువదాకా అందుకోలేకపోయాను, అదొక్కటే లోటు."

అకాయితీ సమాధి వైపు చూసింది. సగం చొక్కా. సిలువ మీద పాచి అంచున ఒక బల్లి ఎండ కాగుతోంది. లేచి వెళ్ళి ఆ కుంచె అందుకుంటే ఎంతసేపు పని? కానీ అది ఇక తన కుంచె కాదు. ఆ సంగతి తెలియగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరో చాలాకాలంగా పట్టుకున్న చేతిని మెల్లగా వదిలినట్టుంది. వదిలించుకోవాలని తను ఎన్నడూ అనుకోని చెయ్యి.

పాస్టరు గారింటి వైపు నించి పిల్లలు రేపటి పాట నేర్చుకుంటున్న చప్పుడు వస్తోంది. ఎత్తుగడ దగ్గర తప్పుతున్నారు, మళ్ళీ మొదలెడుతున్నారు.

"అరేటా ఎంత దూరంలే," అంది టెకూరా ఎవరితోనో అన్నట్టు. "నేను లేనా? పొద్దస్తమానం ఈ మెట్టు మీదే కదా నా బతుకు."

అకాయితీ కళ్ళు తుడుచుకుంది. "నేను పోతే నువ్వొక్కదానివీ ఈ ఇంట్లో ఏం చేస్తావు అత్తా?"

నూరోవా దూలానికి వేలాడుతున్న గెల వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"నీ గది ఖాళీ చెయ్యవే. అరటిపళ్ళు మాగెయ్యాలి."