ఏడో పాటలో ఒత్తు

ఒత్తు ‘ద’కి పెట్టాలి, ‘బ’కి కాదు, మూడో తరగతిలో పలక మీద దిద్దించినప్పుడే తను చెప్పింది కదా, అయినా వీడి చెవికెక్కితేగా, అనుకుంటూ అక్క ఎర్ర పెన్నుతో మరో ‘భాద’ను ‘బాధ’ చేసింది. ప్రెస్సులో ఇరవై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. ఇవాళ ముందున్నది తమ్ముడి రాక్ బ్యాండు మొదటి ఆల్బం పాటల పుస్తకం.

నాన్న లిఫ్టు మెకానిక్. ఆల్బం పేరు ‘రెండు అంతస్తుల మధ్య’. ఇరుక్కుపోయిన లిఫ్టులో మొహాలు చూసుకోని మనుషులు, తడిబట్టలు పిండుతూ క్షమాపణ మింగేసే అమ్మ, ఆసుపత్రి వరండాలో తలుపులు లెక్కపెట్టే కొడుకు. ఇంట్లో ఎవరూ నోరు విప్పని సంగతులన్నీ గిటార్ల హోరులో నిలబెట్టి చెప్పాడు. ఎక్కడా ఏడుపుగొట్టుతనం లేదు. ఇంత తిన్నగా చూడటం వీడికి ఎప్పుడు పట్టుబడిందో ఆమెకు అంతుచిక్కలేదు.

ఫోన్ మోగింది. తమ్ముడే.

“తప్పులేమైనా దొరికాయా అక్కా?”

“పదకొండు చోట్ల బాధకి ఒత్తు తారుమారైంది.”

“అంటే నాకు బాధపడటం కూడా సరిగా రాదన్నమాట.” నవ్వాడు. “పోనీ, పాటలెలా ఉన్నాయి?”

ఆమె పేజీ తిప్పింది. “ఇంకా కామాలు చూడాలిరా,” అంది.

“నేను రాసింది దిద్దకుండా ఒక్కటైనా వదిలావా ఎప్పుడైనా?” ఈసారి నవ్వలేదు. పెట్టేశాడు.

మెషీనాయన గుమ్మంలోంచి తొంగిచూశాడు. “ఏంటమ్మా, తమ్ముడి పుస్తకమని అక్షరమక్షరాన్నీ ముద్దు చేస్తున్నారా? అవతల మెషీను ఖాళీగా ఉంది.”

“ఒక్క పాట ఆగండి.”

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చివరగా దిద్దిన ఏడో పాట విన్నది. ఆ ‘బాధ’ దగ్గర డ్రమ్ములు, గిటార్లు అన్నీ ఆగిపోయాయి. వాడు ఊపిరంతా మొదటి అక్షరం మీదే పోసి ‘భా’ అన్నాడు. ‘ద’ వట్టిగా రాలిపడింది.

చివరి నెలల్లో నాన్న అలాగే మాట్లాడేవాడు. ఏ మాటైనా మొదటి అక్షరానికే ఊపిరి అయిపోయేది, మిగతాది వినేవాళ్లే అందుకోవాలి. అదే మంచం పక్కన తనూ కూర్చుంది. తనకి వినపడింది ఆయాసమే.

వాడు తెలిసి రాశాడా? మిగతా పదీ మూడో తరగతి తప్పులే, అనుమానం లేదు. ఇదీ అదేనేమో. రాసిన చేతికి తెలియకపోయినా, పాడిన గొంతుకి తెలుసు.

ఏడో పాటలో తను దిద్దిన మాట కింద, దిద్దుబాటు రద్దని గుర్తుగా వరసగా చుక్కలు పెట్టి, పక్కన రాసింది: ‘ఉన్నది ఉన్నట్టే ఉంచాలి.’