గొట్టంలో రంగు

వేలెడంత గాజుగొట్టాన్ని తెల్ల అట్టకు ఆనించి, ఎండకు వీపు పెట్టి నిలబడింది ఆమె. గొట్టంలోని ఈతకొలను నీళ్లలో నాలుగైదు చుక్కల పరీక్ష మందు, ఎర్రమందు, కలిసి రంగు తేలింది.

"ఎట్లా ఉంది?" అన్నాడు భర్త.

"ముదురు గులాబీ."

అంతకుమించి ఒక్క మాట లేదు. అతను కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా రంగులు తప్ప మరేమీ మాట్లాడనని పొద్దున్నే ఒట్టు పెట్టుకుంది.

గులాబీ అయితే ఆసిడ్ పడాలి, పసుపైతే సోడా. అతను తలూపి, బకెట్ నీళ్లలోకి ఆసిడ్ సన్నని ధారగా వంచాడు. ముందు నీళ్లు, తరవాతే ఆసిడ్. ఆ వరస ఏనాడూ తప్పలేదు. మోటారు తిరుగుతుంటే, లోతు వైపు గట్టు వెంట నడుస్తూ కొంచెం కొంచెం పోశాడు. పగిలిన మడమలు. మోకాళ్ల దాకా మడిచిన పంట్లాం నిండా మందు చిందిన తెల్లమచ్చలు. ఎన్ని పెరళ్లలో కొలనులు తోమాడో, ఒక్కదానిలోనూ మునిగి ఎరగడు. "మురికి తీసేవాణ్ణి, మళ్లీ నేనే కలపనా?" అనేవాడు.

అతని కళ్లకిప్పుడు పొర కమ్మింది. అన్నీ పసుపుగానే కనిపిస్తున్నాయి. పోయిన వారం ఒంటరిగా వచ్చి, గులాబీని పసుపనుకుని, సోడా మీద సోడా గుమ్మరించాడు. నీళ్లు విరిగిన పాలలా తెల్లబడ్డాయి. ఈ ఇంటి పిల్ల కళ్లు చింతనిప్పులయ్యాయి. ఇంకోసారి ఇట్లా అయితే వేరేవాణ్ణి చూసుకుంటానంది ఇంటావిడ. ఈ ఒక్క ఇల్లు పోతే వీధంతా పోతుందని ఇద్దరికీ తెలుసు.

ఇంటావిడ బయటికొచ్చింది. "ఏమయ్యా, రంగు మీ ఆవిడ చూస్తోందేం?"

"ఊరికే కూచోలేదండీ. ఇంట్లో నోరు, ఇక్కడ కన్ను," అన్నాడు నవ్వుతూ.

"పిల్లను నీళ్లలోకి దింపమంటావా మరి?"

అతను ఊ అనబోయాడు. ఆమె ఒట్టు అక్కడితో సరి.

"ఆగండమ్మా. ఆయన కళ్లకు పొర వచ్చింది. పోయినసారి రంగు పోల్చుకోలేకపోయాడు. చేతిపనికి మాత్రం వంక పెట్టలేరు. రంగు నేను చెబుతా, మందు ఆయన వేస్తాడు. నీళ్లు ఇంకాసేపు తిరిగాక మళ్లీ చూస్తా, అప్పుడు దింపుదురుగాని."

ఇంటావిడ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా! సరే, ఇకనుంచి ఇద్దరూ రండి," అని లోపలికి వెళ్లింది.

అతను గోడ నీడన చతికిలబడ్డాడు. "పరువు తీశావు కదే," అన్నాడు. గొంతులో కోపం లేదు. మూట దించుకున్నవాడిలా కాళ్లు చాపి, ఎడమ భుజం రుద్దుకుంటూ, "రేపు పోదాంలే డాక్టరు దగ్గరికి," అని కళ్లు మూసుకున్నాడు.

నీళ్ల మసక కాస్త విడి, అడుగున పలకల గీతలు లీలగా తేలాయి. ఆమె మళ్లీ గొట్టం నింపి, చుక్కలు వేసి, ఊపి, ఎత్తి పట్టింది.

"ఇదిగో, పండిన నారింజ మీద ఎరుపు. నీకు కావలసిందే. వింటున్నావా?"

పలకలేదు. పొద్దుటినుంచి తను మాట్లాడనందుకు అలకేమో అనుకుంది. "చాల్లే బెట్టు, లే," అంటూ గొట్టాన్ని అట్టకు ఆనించి గట్టు మీద నిలబెట్టి వెళ్లి, భుజం పట్టి కదిపింది. తల గోడ వెంట పక్కకి జారింది.

ఆమె కేకకు ఇంటావిడ, పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. అతన్ని ఎత్తుకుని వీధిలోకి నడిచారు. ఆమె వెనకే వెళ్లింది. మోటారు దాని మానాన అది తిరుగుతూనే ఉంది.

గట్టు మీద తెల్ల అట్టను ఆనుకుని గాజుగొట్టం నిలబడే ఉంది. అందులో నీళ్లు సరిగ్గా కావలసిన రంగులో ఉన్నాయి.