మేడిచెట్టుకు మావి

కుక్కలను చెరువుకు అలవాటు చేసింది బాలరాజేనని పక్కింటి చంద్రమ్మ ఛత్రినాకలో గడపగడపకూ చెప్పుకొచ్చిందట. కాపలావాడే దొంగకు తలుపు తీశాడని కూడా అన్నదట. ఆ మాట మోసుకొచ్చింది బాలరాజ్ భార్య నందిని. మొత్తం అబద్ధమైతే గదా అతను కొట్లాటకు పోవడానికి.

చాంద్రాయణగుట్ట అవతలి చెరువులో ఎండాకాలం ఒక దిబ్బ తేలుతుంది. నెత్తిన నల్లటోపీ పెట్టుకున్నట్టుండే పసుపుముక్కు నీటిపిట్టలు ఆ గులకరాళ్ల మీదనే, గడ్డిపోచ కూడా పరచకుండా గుడ్లు పెడతాయి. కరువైపోతున్న జాతి అని పక్షుల సంఘం వాళ్లు బాలరాజ్‌ను కాపలా పెట్టారు. మొదట్లో అతనికది నౌకరి మాత్రమే. మిట్టమధ్యాహ్నం తల్లిపిట్ట పొట్ట తడుపుకొచ్చి గుడ్ల మీద కూచోవడం చూశాక అట్లా అనిపించడం మానేసింది. నీళ్లు ఇంకి దిబ్బ ఒడ్డుకు కలిసినప్పుడు తుమ్మకంప నరికి దడి కట్టాడు. అయినా కుక్కలు దూరాయి. ఒక్క గూడు తప్ప అన్నీ ఊడ్చిపెట్టాయి.

ఎందుకొచ్చాయో అతనికి తెలుసు. పోయిన నెల పెద్దబర్రె ఈనాక పడిన మావిని అతని తల్లి రుక్మాబాయి గడ్డిలో చుట్టి, ఆటోలో పోయి, చెరువుకట్ట మీది మేడిచెట్టుకు కట్టి వచ్చింది. పాలుకారే చెట్టుకు మావి కడితే పొదుగు నిండుతుందని తాతలనాటి నమ్మకం. గల్లీల్లో అలాంటి చెట్టు మిగల్లేదు మరి. మూట వాసనకొచ్చిన కుక్కలు దాన్ని పీక్కుతిని, పక్కనున్న గుడ్ల రుచి మరిగాయి. సంఘం వాళ్లు అడిగితే బాలరాజ్ తెలియదన్నాడు.

ఇప్పుడు చిన్నబర్రె ఈనింది. రుక్మాబాయి దాని మావి మూట గంపలో పెట్టుకుంది. గల్లీలో ఆటో ఆగి ఉంది. బాలరాజ్ కొట్టం వాకిలికి అడ్డం నిలబడ్డాడు. ఇక్కడ కాపు కాస్తే అక్కడి గూటికి దిక్కు లేదు. అక్కడికి పోతే ఈ గంప వెనకాలే వస్తుంది.

"అవ్వా, ఈడనే గుంత తీసి పాతిపెడత. ఒక్క గూడే మిగిలింది. రేపో మాపో పిల్లలైతయ్."

పాతితే పాలెండుతాయని ఆమె. మెల్లగా మాట్లాడండి, చంద్రమ్మకు ఇంకో కథ దొరుకుతుందని దూడను తుడుస్తూ నందిని. పిట్టల మీద జాలి అంటే తల్లికి ఎక్కదని తెలిసి బాలరాజ్ దారి మార్చాడు.

"ఆ గూడు గూడ పోతె నా నౌకరి పోతదవ్వా."

రుక్మాబాయి గంప చంకకెత్తుకుంది.

"పిల్లలు ఎగిరిపోతె మాత్రం ఉంటదా నౌకరి? పిట్టలు పోతయ్, సార్లు పోతరు. గీ బర్రెనే ఉంటది. జరుగు."