పిసినారి రకం

జల్లెడ మీద మట్టి నీళ్ళకి కరిగిపోతుంటే గోధుమ మొక్కల వేళ్ళు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. గట్టిగా రుద్దితే తెగిపోతాయి. "కడగడంలో మీ ఆడవాళ్ళ తర్వాతేనమ్మా ఎవరైనా!" అని మా ఆఫీసరు మళ్ళీ అన్నాడు. పదకొండేళ్ళుగా ఇదే మెచ్చుకోలు. ఇంట్లో గిన్నెలకైతే అదీ లేదు.

మాది గోధుమ పరిశోధనా కేంద్రం. నిలువు పైపుల్లో మట్టి నింపి, రకానికో పైపు చొప్పున విత్తి, మొలిచాక నీళ్ళు ఆపేస్తారు. ఏది తట్టుకుంటుందో చూడాలి. ఒక రకం కంగారుపడి ముందే కంకి వేసి, చివరికి తాలు గింజలిచ్చింది. ఇంకోటి ఆకులు గుబురుగా పెంచుకుని, ఉన్న తడంతా తాగేసి, కంకి వేళకి సొమ్మసిల్లింది. ఏడో రకం మాత్రం పైకి పీలగా ఉండి, లోపల నాలుగడుగుల లోతుకి వేరు దింపింది. తడిని పొదుపుగా వాడుకుని గింజ నింపుకుంది. దానికి 'పిసినారి' అని ముద్దుపేరు పెట్టింది నేనే. వేళ్ళు కొలిచిందీ, లెక్కలు రాసిందీ నేనే. మీటింగులో చెప్పింది మాత్రం మా ఆఫీసరు.

నా బాధ అది కూడా కాదు. ఇన్నేళ్ళలో నేనొక్క గోధుమ చేనైనా పండుతుండగా చూడలేదు. నా షెడ్డుకి వచ్చేసరికి అన్నీ కోసేసిన మొదళ్ళే. పిసినారి ఆరుబయట గాలికి ఎలా నిలబడుతుందో, ఏ రోజు రంగు తిరుగుతుందో కళ్ళారా చూడాలని ఎంత ఆశగా ఉందో! బస్సులో కూర్చున్నా అదే ధ్యాస. ఈ వయసులో గడ్డి మీద మోజేమిటే అని నన్ను నేనే తిట్టుకుంటాను, అయినా పోదు.

వానలు తక్కువ పడే దూరపు కేంద్రంలో ఈసారి దాన్ని పొలంలో వేస్తున్నారు. సోమవారం నుంచి ఐదు నెలలు అక్కడే ఉండి చూసుకునే మనిషి కావాలట. ఇవాళ సాయంత్రంలోగా పేరివ్వాలి. పొద్దున లంచ్ బాక్సు సర్దుతూ అడిగితే మా ఆయన నవ్వేశాడు. "ఐదు నెలలా? గడ్డి ఎండిందో లేదో చూడ్డానికా? వద్దులే." అత్తగారు గదిలోంచే అందుకుంది. "వాడికి సాక్సులెక్కడుంటాయో కూడా తెలీదు కదే!" నిజమే. నలభై మూడేళ్ళ మనిషికి తెలీదు.

చేతులు తుడుచుకుని ఆఫీసరు గదికి వెళ్ళి నా పేరు రాయమన్నాను. ఆయన పెన్ను ఆగింది.

"మీవారినొక మాట అడిగి రండమ్మా."

అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"సోమవారం వెళ్తున్నానండీ."

"పొద్దున వద్దన్నాను కదా! మళ్ళీ అడుగుతావేంటి?"

"అడగడం పొద్దున్నే అయిపోయిందండీ," అన్నాను. "ఇప్పుడు చెప్తున్నాను."