ముద్దకు ముందు చిటికెడు

యాకుత్‌పురాకు కాపురానికి వచ్చిన రోజున రాజమణి చేతిలో ఉన్న పెట్టుబడి రెండే: గట్టి పళ్ళ వరుస, లక్క గాజుకు రాయి అద్దే నేర్పు. మొదటి వారంలోనే అత్త పళ్ళపొడి డబ్బీ చేతికిచ్చింది. అందులో పొగాకు ఉందని వాసనే చెప్పింది. "ఇంత పెదవి కింద పెట్టుకో, ఆకలి సచ్చిపోతది. మగోళ్ళు తిన్నంక తిందువు."

ఆకలి నిజంగానే చచ్చింది. తర్వాత నాలుక కూడా. "కూరల ఉప్పెంతుందో గూడ తెల్వదానే నీకు?" అని భర్త ప్రేమ్‌రాజ్ కంచం తోసినప్పుడల్లా ఆమె తన చేతినే తిట్టుకుంది.

వ్యాపారం మాత్రం బాగా పట్టుబడింది. లాడ్ బజార్ నుంచి గాజులు తెచ్చి, ముందుగదిలో నలుగురు అమ్మాయిలను కూర్చోబెట్టి రాళ్ళు అద్దించేది. పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళు, బడి మానేసినవాళ్ళు. అన్నానికని మధ్యాహ్నం ఇళ్ళకు లేచిపోతే మెత్తబడ్డ లక్క మళ్ళీ గట్టిపడుతుంది. అందుకే రాజమణి ఆ పళ్ళపొడి డబ్బీని వాళ్ళ మధ్య తిప్పేది. చిటికెడు పొడికి రెండు డజన్ల పని ఎక్కువ జరిగేది. ఇంత తెలివి ఈ గల్లీలో ఎవరికుందని లోలోపల మురిసిపోయేది.

ఒకరోజు బస్తీ దవాఖానా నుంచి లీలమ్మ కాగితాలు పట్టుకొని వచ్చింది. పొగాకు నమిలే పిల్లల వివరాలు రాస్తోంది.

"ఈడున్నది ఆడపిల్లలమ్మా. గుట్కా పోరగాండ్లు చౌరస్తల ఉన్నరు, ఆడికి పో," అంది రాజమణి.

"వయసు, చదువు, మొదట ఎవరిచ్చిన్రు, గంతే అక్కా," అని లీలమ్మ రాళ్ళు అద్దుతున్న లుబ్నా వైపు తిరిగింది.

"పదహారు. ఏడో క్లాసుల బడి బంద్ చేసిన. ఇచ్చింది రాజమణి ఆపా," అంది లుబ్నా, చాయ్ ఇచ్చిందన్నంత మామూలుగా.

"పైసల్ గూడ తీస్కోదు!" పక్కనున్న అమ్మాయి కిసుక్కున నవ్వింది.

ఇంటర్ సెలవుల్లో రాళ్ళు అద్దడానికి కూర్చున్న కూతురు ప్రీతి, అడక్కముందే కింది పెదవి తిప్పి చూపింది. లోపల తెల్లటి మచ్చ.

"నాకెవరియ్యలె. గూట్ల కెల్లి నేనే తీసుకున్న. బాపు తిన్నంకనే మనం తినాలె గదా. అప్పటిదాంక ఆకలాగాలె."

రాజమణికి తల ఎత్తబుద్ధి కాలేదు. అవి అత్త మాటలే. కానీ అత్త, ప్రీతి పుట్టడానికి రెండేళ్ళ ముందే పోయింది. పిల్ల వాటిని ఎవరి నోట విన్నదో గదిలో అందరికీ తెలుసు.

"మరి ప్రీతి కాగితంల ఎవరి పేరు రాయాలె అక్కా?" లీలమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"నాదే రాయి. ఐదు కాగితాలల్ల నాదే రాయి."

డబ్బీని లీలమ్మ సంచిలో పడేసి, పొయ్యి మీది అన్నం దించింది. పిల్లలకు ఐదు కంచాలు, ఆరోది తనకు. రెండో ముద్దకే ప్రేమ్‌రాజ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను రాకముందే తింటున్నరా? గిదేం రివాజు?"

"ఆకలైంది," అంది రాజమణి లేవకుండా. "గిన్నెల ఉంది, పెట్టుకో."

"ఆపా, పప్పుల ఉప్పు మస్తయింది," అంది లుబ్నా మెల్లగా.

రాజమణి ఇంకో ముద్ద పెట్టుకొని చాలాసేపు నమిలింది. ఏమీ తెలియలేదు. ఇరవై రెండేళ్ళ బేరంలో తన నాలుక పోయింది, కూతురి పెదవి లోపలి ఎరుపు పోయింది. చేతికొచ్చింది ఒక్కటే: వేడిగా ఉండగానే తిన్న అన్నం. దాని రుచి ఎట్లా ఉందో ప్రీతిని అడిగి తెలుసుకోవాలి.