ఫొటో కుదురుకునేదాకా

అక్క ఉదయం ఏడింటికల్లా అయిదు డబ్బాలు సర్ది, దేని మూత దానికి బిగించి, గట్టుమీద వరుసగా పెట్టేస్తుంది. ఆ తర్వాత ఆ గట్టుకే ఆనుకుని నిలబడి, పళ్లెం ఎడమచేత్తో పట్టుకుని, నాలుగు ముద్దలు మింగి ఆఫీసుకి బయల్దేరుతుంది. ఆవిడ కూర్చుని తినగా చూసినవాళ్లు ఆ ఇంట్లో లేరు. తీరిక లేక అని ఆవిడంటుంది. అలవాటు లేక అని అమ్మంటుంది.

ఇద్దరు తమ్ముళ్లకి ఆవిడ ఎలాగూ అక్కే. వదిన అని పిలవాల్సిన మరదళ్లు కూడా కాపురానికొచ్చిన నెలకే అక్కా అనడం మొదలుపెట్టారు. పాలవాడికీ అక్కే, ఎదురింటి ముసలాయనకీ అక్కే. చివరికి కన్నతల్లి కూడా, "నన్నడుగుతావేంటి, అక్కనడుగు," అంటుంది. నలభై నాలుగేళ్ల మనిషి. ఊరి కొలతల ఆఫీసులో పటాలు గీస్తుంది. ఎవరి గోడ పక్కవాళ్ల స్థలంలోకి ఎన్ని అంగుళాలు జరిగిందో గీత గీసి చూపించిందంటే ఇక ఇరుపక్కలా నోరెత్తరు.

అమ్మకి డెబ్భై దాటాయి, చిన్నతమ్ముడికి కూతురు పుట్టింది, ఇంతవరకూ అందరూ కలిసి ఒక్క ఫొటోలోనూ లేరు. ఈ మాట పెద్దతమ్ముడు అన్నాడు. అన్నాక ఆ పని అక్కది అయింది.

గడియారాల దుకాణం మేడమీద స్టూడియో పెట్టుకున్న ఫొటోలావిడ ముందుగా ఒక కాగితం ఇచ్చింది. ఇరవై ఏళ్లు కుటుంబాలని చూసి చూసి విసిగిపోయి రాసిన కాగితం అది. పిల్లల్ని ఆకలిమీద తీసుకురావద్దు. బిర్రుగా ఉండే కొత్తబట్టలు వద్దు, మనిషి కన్నా బట్టే ముందు కనిపిస్తుంది. ఎవర్నీ నవ్వమని చెప్పొద్దు. దెబ్బలాడుకునేదేమన్నా ఉంటే ఇంట్లో కానిచ్చుకుని రండి, నా మెట్లమీద కాదు. ఆ కింద, ఎర్ర అక్షరాల్లో: అచ్చు వేశాక ఫొటో కుదురుకోవడానికి తొమ్మిది రోజులు పడుతుంది. అందాకా గోడకి తగిలించొద్దు, ఫ్రేము కట్టొద్దు. ఎత్తుపల్లాల్లేని బల్లమీద వెల్లకిలా పెట్టండి. దగ్గర్లో మరో ఫొటో ఉంచొద్దు, మనుషులు అటూ ఇటూ దాటేస్తారు.

ఇందులో కొత్తేమీ లేదు, ఎవరింటి ఫొటో అయినా అంతే. ఎదురింటివాళ్ల ఫొటోలో అల్లుడు మూడోరోజు వెనక్కి తిరిగాడు. మళ్లీ ఇటు తిరుగుతాడేమోనని ఆఖరిదాకా చూసి, ఆ వీపుకే ఫ్రేము కట్టించుకున్నారు.

అక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, పనిలో పనిగా ఎవరెక్కడ నిలబడాలో ఒక పటం గీసుకుపోయింది. మధ్యలో అమ్మ. అమ్మకి కుడిపక్కన పెద్దతమ్ముడు, పెద్దమరదలు, వాళ్ల తొమ్మిదేళ్ల పాప. ఎడమపక్కన చిన్నతమ్ముడు, చిన్నమరదలు, ఆమె చేతిలో చంటిది. మనిషికో సున్నా, సున్నాకీ సున్నాకీ మధ్య ఇన్ని అంగుళాలని అంకె.

ఫొటోలావిడ వెలుతురు చూసుకోవడానికి కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీని ఒక ఫొటో తీసి, అందర్నీ పటం ప్రకారం నిలబెట్టి, కెమెరా వెనక్కి వెళ్లబోతూ ఆగింది.

"ఏడు సున్నాలే ఉన్నాయేంటండీ? మీరెక్కడ?"

అక్క పటం చేతిలోకి తీసుకుంది. లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ఊరంతా కొలిచి గీసిన మనిషి, ఒక సున్నా వదిలేసింది.

"నాకేముందండీ, ఎక్కడైనా పర్లేదు."

"అలా అనేవాళ్లని ముందు నిలబెట్టాలని కాగితం వెనక రాశాను. వెనక్కి తిప్పి చూడరు కదా ఎవరూ! సరే, ఆ చివర నిలబడండి. ఆ సంచీ కిందపెట్టండి."

"పర్లేదండి, ఉండనివ్వండి."

అక్క సంచీ భుజాన్నుంచి తియ్యలేదు. అందులో ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. సముద్రపక్క ఊళ్లో కొత్త ఆఫీసు తెరుస్తున్నారు. రైల్లో పదకొండు గంటల దూరం. అక్కడి పటాల విభాగానికి అధికారిగా వెళ్తారా అని అడిగారు. వచ్చేవారం శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా సంతకం చేసి ఇస్తే ఆవిడది, లేకపోతే పక్కసీటు ఆయనది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దాస్తున్నానని ఆవిడ అనుకోలేదు. చెబితే "నీకేం కావాలి?" అని అడుగుతారు, దానికి జవాబు ఆవిడ దగ్గర లేదు.

ఫొటో గురువారం చేతికొచ్చింది, కుర్చీ ఫొటో కూడా అదే కవర్లో పెట్టిచ్చారు. అక్క గోడలకున్న పాత ఫొటోలన్నీ దింపి బీరువాలో పెట్టింది. హాల్లో చిన్నబల్ల తుడిచి, ఆఫీసు రసమట్టం తెచ్చి పెట్టి చూస్తే గొట్టంలో బుడగ కాస్త ఎడమకి జరిగింది. అంటే కుడివైపు పల్లంగా ఉందన్నమాట. కవర్లో ఉన్న కుర్చీ ఫొటో దళసరి అట్ట, సరిగ్గా సరిపోయింది. దాన్ని పెద్దఫొటో కుడిమూల కింద దోపింది. మనుషుల్లేని బొమ్మని ఆవిడ ఫొటో కింద జమకట్టలేదు.

రెండోరోజు చంటిది చిన్నమరదలి చేతిలోంచి దిగిపోయి పాప కాళ్ల దగ్గర పాకుతోంది. మూడోరోజు అమ్మ నిద్రపోయింది. అదే రోజు పెద్దమరదలు మొగుణ్ణొదిలి తోడికోడలి పక్కన చేరింది.

"నా పక్కన నిలబడ్డానికి ఏమొచ్చింది నీకు?" అన్నాడు పెద్దతమ్ముడు.

"నేనెక్కడ కదిలాను? పొద్దుట్నుంచి ఈ గిన్నెలు తోముతూనే ఉన్నాను."

"మరి అందులో ఇద్దరూ ఏం గుసగుసలాడుకుంటున్నారు?"

"నీ గురించే అయ్యుంటుంది బావా," అని చిన్నమరదలు లోపల్నుంచి కేకేసింది.

ఇవన్నీ మామూలే. అందరూ నవ్వుకున్నారు. అక్క సంగతే ఎవరికీ అంతుపట్టలేదు. మిగతావాళ్లు ఒకచోట్నుంచి ఇంకోచోటికి వెళ్లి ఆగుతున్నారు, ఆవిడ ఆగడం లేదు. పొద్దున అమ్మ వెనక ఉంటే మధ్యాన్నానికి తమ్ముళ్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఒకసారి పాప పక్కన వంగి కనిపించింది, ఏదో వెతుకుతున్నట్టు. ఎక్కడ చూసినా భుజాన సంచీ.

"చివర్న నిలబెట్టారని కోపమొచ్చినట్టుంది," అంది పెద్దమరదలు.

"కాదు, నీళ్లు సరిగ్గా తాగదు. వేడి చేసింది," అంది అమ్మ.

"ఫొటోలావిడకి పని రాదు, అంతే," అన్నాడు చిన్నతమ్ముడు.

అందరూ అక్క మొహంలోకి చూశారు. అక్క కూడా ఫొటోలో అక్క మొహంలోకి చూసింది. ఆవిడ ఇటు చూడటం లేదు.

ఆ వారం అక్కకి ఏ పనీ ఒక కొలిక్కి రాలేదు. ఆఫీసులో ఒక వీధికి రెండు చివర్లూ గీసి మధ్యలో కలపడం మర్చిపోయింది. ఇంట్లో చిన్నతమ్ముడి డబ్బాకి పాప డబ్బా మూత పెట్టేసింది. రెండుసార్లు ఉత్తరం తీసి, పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసింది. వద్దని రాద్దామంటే చెయ్యి ఆగింది, సరేనని రాద్దామన్నా ఆగింది. ఆరోరోజు ఆఫీసు నుంచి వస్తూ మేడ మెట్లెక్కింది.

ఫొటోలావిడ ఎవరి ఫొటోకో అంచులు కత్తిరిస్తోంది.

"ఇంకో మూడు రోజులుందండీ. కంగారెందుకు?"

"కంగారు కాదు. నేనెక్కడుండాలో తెలియక... ఎక్కడ నిలబడితే ఆగుతుందో మీరు చెబితే..."

"నేనా?" ఫొటోలావిడ కత్తెర పక్కన పెట్టింది. "నా పని వెలుతురు చూడ్డం, మీట నొక్కడం. ఒకాయన ఇలాగే వచ్చి, మా ఆవిణ్ణి నా పక్కకి జరపండి అన్నాడు. ఇంటికెళ్లి ఆవిణ్ణే అడగవయ్యా అన్నాను. మీరు ఎవర్నడుగుతారు?"

అక్క సంచీ పట్టీ సర్దుకుంది. వచ్చేముందు, "కాగితం వెనక ఇంకేం రాశారు?" అని అడిగింది.

"ఫొటోని మాటిమాటికీ చూడొద్దని రాశాను. అదీ ఎవరూ వినరు."

ఏడోరోజు ఆవిడ కుడి అంచున కనిపించింది. సగం మనిషే. ఒక భుజం, సంచీ పట్టీ, ఒక కాలు. మర్నాడు పొద్దున లేదు.

పెద్దతమ్ముడు డబ్బా తీసుకోకుండానే ఫొటో ముందు నిలబడిపోయాడు.

"అక్కా, ఇదేం బాలేదు. చెప్పాపెట్టకుండా ఎక్కడికెళ్లావు?"

"నన్నడుగుతావేంటి? నాతో చెప్పి వెళ్లిందా?"

"మేమేమన్నా అన్నామా? ఏం తక్కువైంది నీకు?"

"ఏం తక్కువ కాలేదురా. డబ్బా తీసుకుని వెళ్లు, ఆలస్యమవుతోంది."

పాప బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. ఫొటో అంచుకి కన్ను ఆనించి పక్కనుంచి చూసింది. "అత్తా, నీకు నిజంగా తెలీదా?"

"తెలీదమ్మా," అంది అక్క. అది నిజమే.

తొమ్మిదోరోజు శుక్రవారం. ఫ్రేముకి కొలత తీసుకోవాలి. పొద్దున్నే డబ్బాలకి మూతలైనా పెట్టకుండా అక్క స్కేలు తెచ్చింది. అందరూ తలా ఒకచోట కుదురుకున్నారు. చంటిది అమ్మ ఒళ్లోకి చేరింది, అమ్మ మేలుకుంది. తోడికోడళ్లిద్దరూ పక్కపక్కన. తమ్ముళ్లిద్దరూ చెరో చివర. వాళ్ల మధ్య మనిషి తక్కువైనట్టు ఎక్కడా ఖాళీ లేదు, ఏడుగురితో ఫొటో నిండుగా ఉంది. అది చూసి అక్క మనసు కాస్త చివుక్కుమంది. వెంటనే భుజాలమీంచి ఏదో దిగినట్టయింది. రెండిట్లో ఏది నిజమో తేల్చుకోలేక స్కేలు పట్టుకుని నిలబడింది.

అమ్మ ఫొటోని మూల పట్టుకుని ఎత్తింది. కింద అతుక్కున్న చిన్న అట్ట జారి నేలమీద పడింది.

పాప తీసి చూసింది. "అత్త!"

కిటికీ పక్కన కుర్చీలో అక్క కూర్చుని ఉంది. వీపు పూర్తిగా వెనక్కి వాల్చి, చెప్పులు విడిచి, కాలుమీద కాలేసుకుని కూర్చుంది. సంచీ నేలమీద ఉంది. చేతిలో ఒక కాగితం. మొహం మీద కిటికీ వెలుతురు పడుతోంది.

ఇంట్లో అందరూ ఆ అట్టమీదకి వంగారు.

"ఆ కాగితమేంటి?" అన్నాడు చిన్నతమ్ముడు.

పాప పరిగెత్తి అత్త సామాన్ల పెట్టెలోంచి భూతద్దం తెచ్చింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "కొత్త ఆఫీసు... పటాల విభాగం... శుక్రవారం సాయంత్రం అయిదు గంటలలోగా..." చదవడం ఆపి తలెత్తింది. "ఇవాళే కదా అత్తా శుక్రవారం?"

అక్క సంచీలోంచి ఉత్తరం తీసి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ అద్దాలు తుడుచుకుని మొదట్నుంచి చివరిదాకా చదివి, పెద్దకొడుక్కి ఇచ్చింది. అతను చదివాడు. మొహం వాడిపోయింది.

"రైల్లో పదకొండు గంటలా? ఎలా కుదురుతుంది? ఫొటోలావిడ దగ్గరికెళ్దాం. ఆవిడ ఏదో ఒకటి చేసి అక్కని అక్కణ్ణుంచి లేపి, ఇటు..."

అతను ఆ చిన్న అట్ట తీసుకోబోయాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"కూర్చుందిరా," అంది. "చూశావా, కూర్చుంది. లేపకు."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అక్క ఉత్తరం తీసుకుని భోజనాల బల్ల దగ్గరికెళ్లింది. కుర్చీ బయటికి లాగింది. కుర్చీ కాళ్లు నేలమీద కీచుమన్నాయి. కూర్చుంది. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో మొదట తెలియలేదు. కాసేపటికి ఇంట్లో వేసుకునే చెప్పులు విడిచింది. పెన్ను మూత తీసి సంతకం చేసింది. చేశాక కూడా లేవలేదు.

వంటింట్లోంచి పెద్దతమ్ముడు గొంతు వినిపించింది. "ఈ మూత దేనిది? అయిదు డబ్బాలకీ ఒక్కటీ పట్టట్లేదు! అక్కా..."

"నువ్వే చూసుకో," అంది అమ్మ. "ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడు. ఏదో ఒకటి పడుతుంది."